మార్పు లేనిదే ప్రేరణ లేదు
విద్యుదయస్కాంత ప్రేరణ: ఉన్నత పాఠశాలలో బోధించు విధము

ఒక తీగచుట్టను గాల్వనామీటరుకు కలిపి, ఆ చుట్టలోపల ఒక దండాయస్కాంతమును కదలక మెదలక ఉంచి, “ఇప్పుడు తీగలో విద్యుత్తు ప్రవహించుచున్నదా?” అని తరగతిలో అడిగినచో, విద్యార్థులలో పలువురు “ప్రవహించుచున్నది” అని జవాబు చెప్పుదురు. అయస్కాంతము కలదు, తీగ కలదు, రెండును దగ్గరగా నున్నవి. ఇక విద్యుత్తు ఏల ఉండరాదు? ఇది వారి తర్కము. ఆ విద్యార్థులే ఫెరడే నియమమును పొల్లు పోకుండ అప్పగింపగలరు. సూత్రములో అంకెలు ప్రతిక్షేపించి లెక్కను కూడ సాధింపగలరు. కాని నియమములోని ప్రాణము వంటి మాట వారి మనస్సున నాటుకొనలేదు. ఆ మాట “మార్పు”.

అయస్కాంతము ఉన్నంత మాత్రమున తీగలో విద్యుత్తు పుట్టదు. చుట్టగుండ పోవు అయస్కాంత బలరేఖల సంఖ్య మారుచున్నంత సేపే పుట్టును. మార్పు ఆగిన తక్షణమే అదియు ఆగిపోవును. ఈ ఒక్క విషయము స్పష్టపడినచో డైనమో, ట్రాన్స్‌ఫార్మరు, లెంజి నియమము అన్నియు దాని వెనుకనే వచ్చును. స్పష్టపడనిచో అవన్నియు వేరువేరుగా వల్లెవేయవలసిన పాఠములై మిగులును.

విద్యార్థి చేయు ఈ పొరపాటును చూచి ఉపాధ్యాయుడు విసుగు చెందనక్కరలేదు. గొప్ప శాస్త్రజ్ఞులు కూడ పదేండ్లకు పైగా ఈ పొరపాటులోనే ఉండిరి. ఆ కథ తెలిసికొన్న యెడల పాఠమును ఎక్కడ ప్రారంభింపవలెనో కూడ తెలియును.

పదేండ్ల అన్వేషణ

1820వ సంవత్సరములో డెన్మార్కు దేశస్థుడగు ఎర్‌స్టెడ్, విద్యుత్తు ప్రవహించు తీగ దగ్గర నున్న దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగునని కనుగొనెను. విద్యుత్తు నుండి అయస్కాంత ప్రభావము పుట్టునని దీనివలన తేలినది. వెంటనే యూరపులోని శాస్త్రజ్ఞులకు ఎదురు ప్రశ్న తోచినది: విద్యుత్తు అయస్కాంతత్వమును కలిగింపగలిగినపుడు, అయస్కాంతత్వము విద్యుత్తును కలిగింపలేదా?

విద్యుత్తు నిలకడగా ప్రవహించుచున్నపుడు అయస్కాంత ప్రభావమును నిలకడగా నుండును. కావున నిలకడగా నున్న అయస్కాంతము నుండి నిలకడ విద్యుత్తు రావలెనని అందరును తలంచిరి. తీగల ప్రక్క అయస్కాంతములను ఉంచి చూచిరి. విద్యుత్తు పారు తీగ ప్రక్క మరియొక తీగను ఉంచి చూచిరి. ఏమియు కనబడలేదు. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో పనిచేయుచున్న మైకేల్ ఫెరడే సైతము 1825లో ఇట్టి ప్రయత్నము చేసి, ఫలితము శూన్యమని తన దినచర్య పుస్తకములో వ్రాసికొనెను.

అదే సంవత్సరమున జెనీవాకు చెందిన కొల్లడాన్ చేసిన ప్రయోగము మరింత ఆలోచింపజేయునట్టిది. అతడు పెద్ద తీగచుట్టను గాల్వనామీటరుకు కలిపి, బలమైన అయస్కాంతమును చుట్ట కడకు చేర్చెను. అయస్కాంతము గాల్వనామీటరు ముల్లును నేరుగా ఆకర్షించినచో ఫలితము తారుమారగును గదా! అందువలన అతడు ఎంతో జాగ్రత్తతో గాల్వనామీటరును ప్రక్క గదిలో ఉంచి, పొడవైన తీగలతో కలిపెను. ఈ గదిలో అయస్కాంతమును చుట్ట దగ్గర ఉంచి, ఆ గదికి నడచిపోయి ముల్లును చూచెను. ముల్లు సున్న మీదనే నిలిచి యుండెను. అతడు చుట్టలో విద్యుత్తును పుట్టించెను. కాని గడప దాటునంతలో అది వచ్చి పోయెను. అతని జాగ్రత్తలో లోపము లేదు. నిలిచియుండు ఫలితము కొరకు అతడు వెదకెను; ప్రకృతి క్షణమాత్రపు ఫలితమును చూపెను.

ముల్లు కదలిన దినము

1831 ఆగస్టు 29వ తేదీన ఫెరడే మరల ఈ ప్రశ్నను చేపట్టెను. మెత్తని ఇనుముతో చేసిన కడియమొకటి తీసికొనెను. దాని వెలుపలి వ్యాసము 6 అంగుళములు. కడియమునకు ఒకవైపున కొన్ని చుట్లు, రెండవవైపున కొన్ని చుట్లు రాగి తీగను చుట్టెను. ఒక చుట్టకు మరియొక చుట్ట ఎచ్చటను తగులకుండునట్లు నడుమ గుడ్డను, దారమును ఉంచెను. రెండవ చుట్ట కొనల నుండి తీగను సుమారు 3 అడుగుల దూరము తీసికొనిపోయి, ఒక అయస్కాంత సూచి మీదుగా పోనిచ్చెను. పిదప మొదటి చుట్టను బ్యాటరీకి కలిపెను.

కలిపిన క్షణమున సూచి చలించెను. అటునిటు ఊగి మరల తన స్థానమునకు వచ్చి నిలిచెను. బ్యాటరీ కలిసియే యున్నది, మొదటి చుట్టలో విద్యుత్తు పారుచునే యున్నది. ఐనను సూచి కదలలేదు. బ్యాటరీని విడదీయగనే అది మరల ఒకసారి చలించెను. కలుపునపుడు ఒకసారి, విడదీయునపుడు ఒకసారి, నడుమ ఏమియు లేదు. ప్రపంచములోని మొట్టమొదటి ట్రాన్స్‌ఫార్మరు అదియే.

అక్టోబరు 17న ఫెరడే బ్యాటరీ లేకుండనే ప్రయోగము చేసెను. కాగితపు గొట్టముపై తీగను చుట్టి, దాని కొనలను గాల్వనామీటరుకు కలిపి, దండాయస్కాంతమును గొట్టములోనికి చివాలున త్రోసెను. ముల్లు కదలెను. బయటకు లాగినపుడు ఎదురు దిక్కునకు కదలెను. అక్టోబరు 28న ఒక పెద్ద అయస్కాంతపు ధ్రువముల మధ్య రాగిబిళ్లను త్రిప్పి, త్రిప్పుచున్నంత సేపు ఆగకుండ విద్యుత్తును పొందెను. రెండు నెలలు గడచునంతలో ట్రాన్స్‌ఫార్మరుకు, డైనమోకు వలసిన మూలసూత్రము మానవుని చేతికి వచ్చినది. నవంబరు 24న ఈ ఫలితములు లండనులోని రాయల్ సొసైటీ సభలో చదువబడినవి. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడ స్వతంత్రముగా ఈ విషయమునే కనుగొని 1832లో ప్రకటించెను.

పాఠమునకు క్రమము

ఈ చరిత్రనుండి ఉపాధ్యాయుడు గ్రహింపదగిన మొదటి సంగతి, నియమమును ముందు చెప్పి ప్రయోగమును తరువాత చూపరాదు అనునది. “అభివాహము మారినపుడు విద్యుత్తు పుట్టును” అని నల్లబల్లపై వ్రాసిన పిమ్మట ప్రయోగము చేసినచో, విద్యార్థి ముల్లును చూచి తల ఊపును గాని ఆశ్చర్యపడడు. తన మనస్సులోని పాత భావమును మార్చుకొనడు. ముందు ప్రశ్న, తరువాత విద్యార్థి జవాబు, ఆ తరువాత ప్రయోగము, చివర నియమము. ఇదియే తగిన క్రమము.

కావలసిన పరికరములు స్వల్పము. ఎనామెలు పూత గల సన్నని రాగి తీగ మోటార్లకు వైండింగు చేయు దుకాణములలో దొరకును. రెండు మూడు సెంటీమీటర్ల వ్యాసము గల అట్టగొట్టముపై గాని, పి.వి.సి. గొట్టముపై గాని దీనిని 500 చుట్లు దగ్గరదగ్గరగా చుట్టవలెను. తీగ రెండు కొనలవద్ద పూతను గరుకు కాగితముతో బాగుగా గీకివేయవలెను. పూత మిగిలినచో గాల్వనామీటరుకు విద్యుత్తు చేరదు. ప్రయోగము విఫలమగుటకు ఎక్కువ సార్లు ఇదియే కారణము. సున్న నడుమ గల గాల్వనామీటరును ఒక మీటరు పొడవు గల తీగలతో కలుపవలెను.

తీగ అంత పొడవు ఉండవలయునని చెప్పుటకు కారణము కొల్లడాన్ ఎరిగినదే. అయస్కాంతము గాల్వనామీటరుకు మరీ దగ్గరగా నున్నచో ముల్లు చలనము చుట్టవలన కలిగినదో, అయస్కాంతము వలన నేరుగా కలిగినదో తెలియదు. దీనిని పరీక్షించుటకు ముందుగా చుట్టను విడదీసి, అయస్కాంతమును మాత్రము అదే చోట అదే విధముగా కదల్చి చూపవలెను. ముల్లు కదలకున్నచో అనుమానము తీరును. కొల్లడాన్ చిక్కునకు పాఠశాలలో సులభమైన పరిష్కారము కలదు: ఒక విద్యార్థి అయస్కాంతమును కదల్చుచుండ, మరియొకడు ముల్లు మీదనే చూపు నిలిపి, కదలిన ప్రతిసారి దిక్కును బిగ్గరగా చెప్పవలెను.

ఇప్పుడు ఐదు ప్రశ్నలు వరుసగా అడుగవచ్చును. ప్రతి ప్రశ్నకును విద్యార్థులు ముందు తమ జవాబును పుస్తకములో వ్రాసికొనవలెను. పిదప ప్రయోగము చూడవలెను.

1. అయస్కాంతపు ఉత్తరధ్రువమును చుట్టలోనికి త్రోసినపుడు ముల్లు ఏమగును?
2. లోపల కదలక ఉంచినపుడు?
3. వెలుపలికి లాగినపుడు?
4. అయస్కాంతమును నిలిపి, చుట్టనే దానివైపు జరిపినపుడు?
5. చుట్టను, అయస్కాంతమును రెండింటిని ఒకే వేగముతో ఒకే దిక్కునకు కలిపి జరిపినపుడు?

రెండవ ప్రశ్న పాత భావమును పడగొట్టును. నాల్గవది, కదలవలసినది అయస్కాంతమే కానక్కరలేదని తెలుపును. ఐదవది అన్నిటికంటె ముఖ్యము: ఇచ్చట రెండును కదలుచున్నవి, ఐనను ముల్లు కదలదు. అనగా కదలిక తనంతట తాను కారణము కాదు. చుట్టకును అయస్కాంతమునకును నడుమ నున్న సంబంధములో మార్పు కావలెను. ఫెరడే కడియములో ఏదియు కదలనే లేదు. కాని విద్యుత్తు పుట్టినది. “కదలిక” అను మాటనుండి “మార్పు” అను మాటకు విద్యార్థిని నడిపించునది ఈ రెండు ఉదాహరణములే.

అభివాహము వేరు, దాని మార్పు వేరు

చుట్టగుండ పోవు బలరేఖల మొత్తమునకు అయస్కాంత అభివాహమని పేరు. దానిని వెబరులలో కొలుతురు. చుట్టలో పుట్టు విద్యుచ్చాలక బలము అభివాహము ఎంత ఉన్నదో దానిపై ఆధారపడదు. అది సెకనుకు ఎంత మారుచున్నదో దానిపై ఆధారపడును. చుట్ల సంఖ్యను ఈ మార్పు రేటుతో గుణించినచో విద్యుచ్చాలక బలము వోల్టులలో వచ్చును.

ఒక చెరువును తలంచుకొనవచ్చును. చెరువులో నీరెంత ఉన్నది అనునది ఒక ప్రశ్న. నీటిమట్టము గంటకు ఎంత పెరుగుచున్నది అనునది వేరొక ప్రశ్న. నిండి నిశ్చలముగా నున్న చెరువులో నీరు మెండు, మట్టపు మార్పు సున్న. ఎండిన చెరువులోనికి వరద వచ్చుచున్నపుడు నీరు తక్కువ, మార్పు ఎక్కువ. అభివాహము నీటిమట్టము వంటిది. విద్యుచ్చాలక బలము మట్టము మారు వేగము వంటిది.

ఒక లెక్క: 500 చుట్లు గల తీగచుట్ట అడ్డుకోత వైశాల్యము 10 చదరపు సెంటీమీటర్లు, అనగా 0.001 చదరపు మీటరు. దానిలోని క్షేత్రము సున్ననుండి 0.05 టెస్లాకు పెరిగినదని అనుకొందము. అపుడు ఒక్కొక్క చుట్టగుండ అభివాహపు మార్పు 0.00005 వెబరు. 500 చుట్లకు మొత్తము 0.025. ఈ మార్పు 0.1 సెకనులో జరిగినచో సగటు విద్యుచ్చాలక బలము 0.25 వోల్టు; 0.5 సెకనులో జరిగినచో 0.05 వోల్టు మాత్రమే. మార్పు రెండింటను ఒక్కటే. పట్టిన కాలము వేరు. కాలము ఐదు రెట్లయినపుడు వోల్టులు ఐదవ వంతునకు తగ్గినవి.

విద్యార్థి ఈ భేదమును నిజముగా గ్రహించెనా లేదా అని పరీక్షించుటకు ఒక ప్రశ్న చాలును. పొడవైన దండాయస్కాంతమును పొట్టి చుట్టకు ఒకవైపునుండి దూర్చి, ఆగకుండ సమవేగముతో రెండవవైపునుండి బయటకు తీసినచో, అయస్కాంతపు నడిమిభాగము చుట్ట నడుమకు వచ్చిన క్షణమున విద్యుచ్చాలక బలమెంత? అప్పుడే అన్నిటికంటె ఎక్కువ ఉండునని చాలమంది చెప్పుదురు. నిజమునకు ఆ క్షణమున అది సున్న. అభివాహము అప్పటివరకు పెరుగుచు వచ్చి, అప్పుడు గరిష్ఠమునకు చేరి, ఆపై తగ్గనారంభించును. శిఖరముపై నున్నవానికి ఎక్కుటయు లేదు, దిగుటయు లేదు. కనుకనే ముల్లు మొదట ఒక దిక్కునకు, తరువాత ఎదురు దిక్కునకు కదలును. అభివాహము మిక్కిలి ఎక్కువగా నున్నపుడు విద్యుచ్చాలక బలము సున్న అగుట చూచిన విద్యార్థి, అభివాహమును దాని మార్పును ఇక ఎన్నడును ఒకటిగా తలంపడు.

అయస్కాంతమును నిలువు గొట్టముగుండ జారవిడిచినచో మరియొక విశేషము కనబడును. అయస్కాంతము క్రిందికి పోవుకొలది దాని వేగము హెచ్చును. అందుచేత బయటకు పోవునపుడు పుట్టు వోల్టేజి లోనికి వచ్చునపుడు పుట్టిన దానికంటె ఎక్కువగా నుండును. కాని తక్కువ కాలము ఉండును.

వేగమును చూపునపుడు ఒక జాగ్రత్త

“అయస్కాంతమును ఎంత వేగముగా త్రోసిన ముల్లు అంత ఎక్కువగా కదలును” అని పాఠ్యపుస్తకములలో వ్రాయుట కలదు. కాని తరగతిలో ప్రయోగము చేసిన ఉపాధ్యాయులకు కొన్ని సార్లు ఇది సరిగా రాదు. మిక్కిలి వేగముగా త్రోసినను, దానికి రెట్టింపు వేగముతో త్రోసినను ముల్లు దాదాపు ఒకే గీతవరకు పోవును. నియమము తప్పినదా?

నియమము తప్పలేదు. ముల్లునకు బరువు కలదు; అది కదలుటకు కొంత కాలము పట్టును. ముల్లు కదలనారంభించుటకు ముందే విద్యుత్తు వచ్చి పోయినచో, అది వోల్టేజిని గాక, తీగలో ప్రవహించిన మొత్తము విద్యుదావేశమును సూచించును. ఆ మొత్తము వేగముపై ఆధారపడదు. వేగము రెట్టింపైనపుడు విద్యుత్తు రెట్టింపగును గాని, అది ప్రవహించు కాలము సగమగును. రెండింటి లబ్ధము మారదు. అభివాహపు మొత్తము మార్పును వలయపు నిరోధముతో భాగించినచో ఆ ఆవేశము వచ్చును.

కావున గాల్వనామీటరుతో వేగమును చూపదలచినచో నెమ్మదియైన వేగములనే పోల్చవలెను: ఒకసారి మూడు సెకనులలో, మరియొకసారి ఒక సెకనులో చొప్పించి చూడవలెను. హెచ్చువేగములను చూపుటకు ఎల్.ఇ.డి. దీపములు మేలు. ఎఱ్ఱని ఎల్.ఇ.డి. వెలుగుటకు సుమారు 1.8 వోల్టులు కావలెను. అంతకు తక్కువైనచో వెలుగదు. వేయికి పైగా చుట్లు గల చుట్టకు రెండు ఎల్.ఇ.డి. దీపములను ఎదురెదురు దిక్కులలో సమాంతరముగా కలిపి, చిన్న నియోడిమియము అయస్కాంతమును గొట్టముగుండ జారవిడువవలెను. ముందు ఒక దీపము, వెంటనే రెండవ దీపము తళుక్కుమనును. అదే అయస్కాంతమును దారముతో కట్టి మెల్లగా దింపినచో ఏదియు వెలుగదు. దిక్కు మారుటయు, వేగపు ప్రభావమును ఒకే ప్రయోగములో తేటపడును.

నియోడిమియము అయస్కాంతములు చిన్నవైనను మిక్కిలి బలము గలవి. రెండింటి నడుమ వ్రేలు పడినచో నలుగును. నోటిలో వేసికొని మ్రింగినచో ప్రాణాపాయము. చిన్న పిల్లలకు అందనీయరాదు. ఇక చేతితో చుట్టిన తీగచుట్టను ఎట్టి పరిస్థితులలోను గోడలోని విద్యుత్తుకు కలుపరాదు.

ఎదిరించునది దేనిని?

ప్రేరిత విద్యుత్తు ఏ దిక్కున ప్రవహించును? దీనికి జవాబును 1834లో రష్యాలోని లెంజి ప్రకటించెను: ఏ మార్పువలన ప్రేరిత విద్యుత్తు పుట్టినదో ఆ మార్పును ఎదిరించు దిక్కున అది ప్రవహించును.

విద్యార్థులు ఇక్కడను ఒక మాటను జారవిడుతురు. “మార్పును ఎదిరించును” అనుటకు బదులు “అయస్కాంతమును ఎదిరించును”, “అభివాహమును ఎదిరించును” అని చదువుకొందురు. ఉత్తరధ్రువమును లోనికి త్రోసినపుడు చుట్టముఖము ఉత్తరధ్రువమై వికర్షించును. ఇంతవరకు వారి జవాబు సరిగానే వచ్చును. కాని అదే ధ్రువమును వెలుపలికి లాగునపుడు కూడ వికర్షించునని వ్రాయుదురు. లాగునపుడు అభివాహము తగ్గుచున్నది. ఆ తగ్గుదలను ఎదిరింపవలెనన్నచో చుట్ట దానిని నిలుపుకొన యత్నింపవలెను. అనగా చుట్టముఖము దక్షిణధ్రువమై అయస్కాంతమును ఆకర్షించును. వచ్చుదానిని రానీయక, పోవుదానిని పోనీయక అడ్డుకొనుటయే దాని స్వభావము.

ఇట్లు ఏల ఉండవలెను? ఇది ఎవరో విధించిన నియమము కాదు. శక్తినిత్యత్వము నుండి వచ్చునది. ఒకవేళ చుట్ట అయస్కాంతమును ఎదిరింపక లోనికి లాగుకొన్నదని అనుకొందము. అపుడు అయస్కాంతము వేగము హెచ్చును. వేగము హెచ్చగా విద్యుత్తు హెచ్చును. విద్యుత్తు హెచ్చగా ఆకర్షణ ఇంకను హెచ్చును. ఒకసారి ముట్టించి విడిచినచో ఖర్చు లేకుండ విద్యుత్తు, వేగము రెండును పెరుగుచునే యుండును. అట్టి యంత్రము లోకములో లేదు. విద్యుచ్ఛక్తి కావలెనన్నచో ఎదిరింపునకు వ్యతిరేకముగా ఎవరో పని చేయవలెను.

దీనిని విద్యార్థి చేతితోనే అనుభవించునట్లు చేయవచ్చును. చేతితో త్రిప్పు చిన్న డైనమోను బల్బు కలుపకుండ త్రిప్పినపుడు పిడి తేలికగా తిరుగును. బల్బు కలుపగనే బరువగును. ఇందుండి మరియొక భేదము కూడ బోధపడును: బల్బు కలుపనపుడు విద్యుచ్చాలక బలము కలదు, కాని వలయము మూయబడలేదు గనుక విద్యుత్తు ప్రవహింపదు, అందుచే ఎదిరింపు లేదు.

రాగి గొట్టపు ప్రయోగము మరింత మనోహరము. ఒక మీటరు ఎత్తునుండి విడిచిన వస్తువు సుమారు 0.45 సెకనులో నేలకు చేరును. అదే పొడవు గల మందపాటి రాగి గొట్టములో, దానికి చాలినంత బిగువుగా నుండు నియోడిమియము అయస్కాంతమును విడిచినచో అది తేలుచున్నట్లు మెల్లగా దిగి, కొన్ని సెకనులకు బయటపడును. అయస్కాంతము రాగికి అంటదని ముందుగా చూపవలెను. దిగుచున్న అయస్కాంతము గొట్టపు గోడలో సుడి విద్యుత్తులను పుట్టించును. అవి దాని పతనమును ఎదిరించును. కాని అది ఎన్నడును గొట్టములో ఆగిపోదు. ఏలయన, ఆగినచో మార్పు లేదు. మార్పు లేనిచో ఎదిరింపు లేదు. ఎదిరింపు లేనిచో మరల పడనారంభించును.

బడి వెలుపల

వీధి స్తంభముపై నున్న ట్రాన్స్‌ఫార్మరు ఫెరడే కడియమునకు వంశాంకురము. అందులో 11,000 వోల్టుల విద్యుత్తు ఒక చుట్టలోనికి వచ్చును; రెండవ చుట్టనుండి ఇండ్లకు వలసిన తక్కువ వోల్టేజి పోవును. రెండు చుట్టలను కలుపు తీగ లేదు. నడుమ నున్నది ఇనుప రేకుల దిమ్మె మాత్రమే. ట్రాన్స్‌ఫార్మరుకు బ్యాటరీ కలిపినచో ఏమగునని అడిగినపుడు, కలుపు క్షణమునను విడదీయు క్షణమునను తప్ప రెండవ చుట్టలో ఏమియు ఉండదని చెప్పగల విద్యార్థికి పాఠము అర్థమైనట్లే. మన దేశములో సరఫరా అగు ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. అది ఎడతెగక మారుచుండుటచేతనే ట్రాన్స్‌ఫార్మరు ఎడతెగక పనిచేయుచున్నది.

ఇంటిలోని ఇండక్షన్ పొయ్యి కూడ ఈ కుటుంబములోనిదే. దాని గాజుపలక క్రింది చుట్టలో విద్యుత్తు సెకనుకు అనేక వేల సార్లు మారుచుండును. పైన ఉంచిన గిన్నె అడుగున ప్రేరిత విద్యుత్తులు పుట్టి గిన్నెనే వేడిచేయును. అయస్కాంతము అంటుకొను అడుగు గల గిన్నెలే అందుకు తగినవని గృహిణులు ఎరుగుదురు. మామూలు అల్యూమినియము గిన్నెను సామాన్యపు పొయ్యి వేడిచేయలేదు.

ఇక విద్యుత్కేంద్రముల మాట. ఆంధ్ర-ఒడిశా సరిహద్దునందలి మాచకుండ్ కేంద్రము 1955లో ఉత్పత్తి ప్రారంభించినది. అచ్చట పైనుండి దుముకు నీరు చక్రమును త్రిప్పును. విజయవాడ చెంత ఇబ్రహీంపట్నములోని కేంద్రమున బొగ్గు మండించి పుట్టించిన ఆవిరి త్రిప్పును. త్రిప్పునది ఏదైనను చివర జరుగునది ఒక్కటే: తీగచుట్టల నడుమ అయస్కాంతము తిరుగుచు వాని అభివాహమును మార్చుచుండును. సౌరఫలకములను విడిచినచో, వాడుకలో నున్న విద్యుత్తులో అధికభాగము ఇట్లే పుట్టుచున్నది. ఊరిలో దీపములు ఎక్కువగా వెలిగినకొలది ఆ తిరుగు అయస్కాంతముపై ఎదిరింపు హెచ్చును. దానిని జయించుటకు మరింత నీటిని, మరింత ఆవిరిని పంపవలెను. చిన్న డైనమో పిడి చేతికి బరువగుటయు, విద్యుత్కేంద్రమునకు బొగ్గు ఎక్కువ కావలసి వచ్చుటయు ఒకే కారణము వలన కలుగునవి.

పరీక్షలో అడుగదగినవి

“ఫెరడే నియమమును వ్రాయుము” అను ప్రశ్నకు జ్ఞాపకశక్తి చాలును. అవగాహనను పరీక్షింపవలెనన్నచో ప్రశ్నలు వేరుగా నుండవలెను. బలమైన అయస్కాంతము కదలక ఉన్న చుట్టలో ఎక్కువ వోల్టేజి పుట్టునా, బలహీనమైన అయస్కాంతము వేగముగా కదలు చుట్టలో ఎక్కువ పుట్టునా? ఏకరీతి క్షేత్రములో చుట్టను తన తలము తిరుగకుండ ప్రక్కకు జరిపినచో ఏమగును? అదే చుట్టను అచ్చటనే త్రిప్పినచో ఏమగును? రాగి గొట్టమునకు నిలువునా ఒక చీలిక చేసినచో అయస్కాంతము ముందటికంటె వేగముగా పడునా, మెల్లగా పడునా? వీనిలో ఏ ఒక్కదానికిని సూత్రము అక్కరలేదు. ప్రతిదానియందును విద్యార్థి తనను తాను ఒక్క మాట అడుగవలెను: ఇచ్చట మారుచున్నది ఏది?

ఈ పాఠమునకు రెండు పిరియడ్లు కేటాయించి, మొదటిది పూర్తిగా ప్రయోగమునకు, ఊహించి వ్రాయుటకు, చర్చకు విడిచినచో, రెండవ పిరియడులో నియమమును చెప్పుటకు పదినిమిషములు చాలును. అప్పటికి దానిని విద్యార్థులే తమ మాటలలో చెప్పుచుందురు. ఉపాధ్యాయుడు చేయవలసినది ఆ మాటలను సరిదిద్ది నల్లబల్లపై వ్రాయుట మాత్రమే.